ఏ మాస్కు, ఎవరి ముఖానికి, ఏ గదిలో?

మందుల షాపు కౌంటర్ వెనక నిలబడి నాకు పద్నాలుగేళ్ళయింది. "మంచి మాస్కు ఒకటి ఇవ్వన్నా" అని అడిగినవాళ్ళకు లెక్కే లేదు. "ఎవరికి? ఎక్కడికి?" అని నేను తిరిగి అడిగితే మాత్రం చాలామంది వింతగా చూస్తారు. దగ్గుమందు అడిగితే పొడి దగ్గా, కఫం ఉందా అని అడుగుతాం కదా, మాస్కూ అంతే. టీబీ అని తేలిన నాన్నకు కొనాల్సింది ఒకటి, ఆయనకు అన్నం పెట్టే అమ్మకు కొనాల్సింది మరొకటి. ఒకే ఇల్లు, ఒకే జబ్బు, రెండు వేర్వేరు మాస్కులు. ఈ తేడా తెలియక, డబ్బు పెట్టి కూడా రక్షణ దక్కించుకోలేని కుటుంబాలను చూస్తే నాకు బాధేస్తుంది.

మాస్కు చేసే పనులు రెండు. మన నోటి నుంచి బయల్దేరేదాన్ని అక్కడే ఆపడం ఒకటి. బయటి గాలిలో ఉన్నదాన్ని మన ముక్కులోకి పోనివ్వకపోవడం రెండోది. మొదటి పని సులువు. దగ్గినా, తుమ్మినా, గట్టిగా మాట్లాడినా వచ్చే తుంపర్లు పెదవుల దగ్గర ఇంకా పెద్దవిగా, తడిగా ఉంటాయి. మామూలు మూడు పొరల మాస్కు కూడా వాటిలో చాలా భాగాన్ని పట్టేస్తుంది. అవే గాలిలోకి వచ్చి ఆరిపోతే బాగా చిన్నవైపోయి, మూసిన గదిలో అగరుబత్తి పొగలాగా తేలుతూ ఉంటాయి. అప్పుడు వాటిని ఆపాలంటే మంచి వడపోత కావాలి, ముఖానికి గాలి దూరకుండా అతుక్కునే మాస్కు కావాలి. కాబట్టి ఇంట్లో ఒక్క మాస్కే ఉంటే అది దగ్గుతున్న మనిషికే పెట్టండి. బాగున్నవాళ్ళు దాన్ని తమకు ఉంచుకుని, రోగిని ఉత్తి ముఖంతో వదిలేయడం నేను తరచూ చూస్తుంటాను.

దీనికి మంచి రుజువు దక్షిణాఫ్రికా నుంచి ఉంది. మామూలు మందులకు లొంగని టీబీ ఉన్న రోగుల వార్డులోంచి గాలిని గినీ పందులు (ఎలుక జాతికి చెందిన చిన్న జంతువులు) ఉంచిన రెండు గదులకు మళ్ళించారు. రోగులు సర్జికల్ మాస్కు పెట్టుకున్న రోజుల గాలి ఒక గదికి, పెట్టుకోని రోజుల గాలి రెండో గదికి. ఒక్కో గదిలో 90 జంతువులు. మాస్కు లేని రోజుల గాలి పీల్చినవాటిలో 69కి టీబీ సోకింది. మాస్కు రోజుల గాలి పీల్చినవాటిలో 36కే సోకింది. ఈ ఫలితాలు 2012లో అచ్చయ్యాయి. అక్కడ వాడింది ఎన్95 కాదు, మన షాపుల్లో డబ్బాల్లో దొరికే మామూలు సర్జికల్ మాస్కు. రోగి ముఖం మీద అది ఎంత పని చేస్తుందో, ఒక్కటే ఎందుకు సరిపోదో కూడా ఈ రెండు అంకెలు చెబుతాయి. ఆ మిగిలిన 36 కోసమే పక్కన ఉండే మనిషికి ఎన్95, గదికి తెరిచిన కిటికీ.

గుడ్డ మాస్కు

2020 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మనిషికి మూడు చొప్పున 16 కోట్ల గుడ్డ మాస్కులు పంచాలని నిర్ణయించి, కుట్టే పని స్వయం సహాయక సంఘాల అక్కాచెల్లెళ్ళకు ఇచ్చింది. అప్పుడు మార్కెట్లో సర్జికల్ మాస్కు దొరకడమే గగనం. అంతకు ముందు నెలలోనే కేంద్రం రెండు పొరల మాస్కుకు 8 రూపాయలు, మూడు పొరలదానికి 10 రూపాయలు మించకూడదని ధర కట్టడి చేయాల్సి వచ్చింది. ఆ రోజులకు గుడ్డ మాస్కు సరైన జవాబే. ఆ అక్కలు చేసిన మేలు చిన్నది కాదు.

ఇప్పుడు కొరత లేదు. ఈ రోజు కొత్తగా కొనేవాళ్ళకు గుడ్డ మాస్కు నా మొదటి సలహా కాదు. బంగ్లాదేశ్‌లో 2020 చివర్లో మొదలుపెట్టి 600 గ్రామాల్లో, 3 లక్షల 40 వేల మందికి పైగా పెద్దవాళ్ళ మీద ఒక పెద్ద పరీక్ష జరిగింది. సగం గ్రామాల్లో మాస్కులు పంచి, పెట్టుకోమని పదేపదే గుర్తుచేశారు. అక్కడ సరిగ్గా పెట్టుకున్నవాళ్ళు వందకు 42 మంది, మిగతా ఊళ్ళలో 13 మంది. అంతమాత్రానికే, సర్జికల్ మాస్కులు పంచిన ఊళ్ళలో లక్షణాలతో వచ్చి రక్తపరీక్షలో తేలిన కోవిడ్ సుమారు 11 శాతం తగ్గింది. అరవై దాటినవాళ్ళలో 35 శాతం దాకా తగ్గింది. గుడ్డ మాస్కులు పంచిన ఊళ్ళలో మాత్రం ఇంత స్పష్టమైన ఫలితం రాలేదు. ఉతికి వాడుకునే గుడ్డ మాస్కే కావాలనుకుంటే మూడు పొరలది తీసుకోండి: లోపల నూలు, బయట పాలిస్టర్, మధ్యలో నేయని పాలీప్రొపిలీన్ (ఒక రకం ప్లాస్టిక్ గుడ్డ). ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 జూన్‌లో సూచించిన అమరిక ఇదే. బల్బుకు ఎదురుగా పట్టుకుంటే నేత సందుల్లోంచి వెలుతురు జల్లెడలో నుంచి వచ్చినట్టు వస్తే అది వద్దు. చున్నీ, కండువా, కొంగు అడ్డం పెట్టుకోవడం ఏమీ లేకపోవడం కన్నా కొంచెం నయం, అంతకు మించి నమ్ముకోకండి.

గుడ్డ మాస్కుకు ఇంకో మంచి ఉపయోగం ఉంది, దాని సంగతి కింద చెబుతాను.

సర్జికల్ మాస్కు

దీన్ని మూడు పొరల మాస్కు అంటాం కానీ అసలు పని మధ్య పొరది. మెల్ట్‌బ్లోన్ అంటారు. వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు సన్నని ప్లాస్టిక్ పోగులు, వాటికి పట్టించిన స్థిర విద్యుత్తు. చిన్నప్పుడు దువ్వెనను తలకు రుద్ది కాగితం ముక్కల దగ్గర పెడితే అవి ఎగిరి వచ్చి అంటుకునేవి, గుర్తుందా? ఈ పొర కూడా చిన్న కణాలను అలాగే లాక్కుంటుంది. దానివల్లే రంధ్రాలు మరీ చిన్నవి కాకపోయినా, ఊపిరికి ఇబ్బంది లేకుండా వడపోత సాగుతుంది. ఉతికినా, సబ్బు పెట్టినా, శానిటైజర్ కొట్టినా ఆ విద్యుత్తు పోతుంది. మాస్కు చూడటానికి కొత్తదానిలాగే ఉంటుంది, లోపల పని ఉండదు. తీగ మీద బట్టలతోపాటు సర్జికల్ మాస్కులు ఆరేసి కనిపించినప్పుడల్లా లోపలికి వెళ్ళి చెప్పి రావాలనిపిస్తుంది.

దీని బలహీనత బుగ్గల పక్కన సందులు. ఊపిరి ఎప్పుడూ తేలికైన దారే వెతుక్కుంటుంది. పొరలోంచి పోవడం కన్నా పక్క సందుల్లోంచి పోవడం సులువైతే అలాగే పోతుంది. దీనికి ఖర్చు లేని ఉపాయం: రెండు వైపులా చెవి దారాన్ని మాస్కు అంచుకు దగ్గరగా ముడి వేసి, ఆ ముడి పక్కన బొంగులా లేచిన మడతను లోపలికి దోపండి. మాస్కు బుగ్గకు అతుక్కుంటుంది. 2021లో అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ ప్రయోగశాలలో బొమ్మ తలల మీద పరీక్షించి చూసినప్పుడు ఈ ముడి ఉపాయం, సర్జికల్ మాస్కు పైన గుడ్డ మాస్కు వేసుకోవడం రెండూ ఒట్టి సర్జికల్ మాస్కు కన్నా బాగా పని చేశాయి. గుడ్డ మాస్కుకు ఇంకో ఉపయోగం ఉందన్నది ఇదే. పై నుంచి అది సర్జికల్ మాస్కును ముఖానికి అదిమి పెడుతుంది. సర్జికల్ మీద సర్జికల్ వేస్తే ఆ లాభం రాదు, సందులు సందులుగానే ఉంటాయి.

ఇంకొకటి. "జబ్బు ఉంటే నీలం వైపు బయటికి, లేకపోతే తెల్ల వైపు బయటికి" అని ఒక వాట్సాప్ సందేశం ఏళ్ళ తరబడి తిరుగుతోంది. తప్పు. నీలం వైపు తడిని దరి చేరనివ్వదు, తెలుపు మన ఊపిరి తేమను పీల్చుకుంటుంది. ఎవరు పెట్టుకున్నా నీలం బయటికే. మడతలు కిందికి చూడాలి, తీగ ఉన్న అంచు ముక్కు మీద ఉండాలి. ఆ తీగను రెండు చేతుల వేళ్ళతో ముక్కు దూలానికి ఒంచాలి. ఒక చేత్తో గిల్లితే మధ్యలో కోసుగా లేచి అక్కడే సందు మిగులుతుంది.

ఎన్95, దాని అన్నదమ్ములు

ఎన్95 అన్నది అమెరికా ప్రమాణం పేరు. పట్టడానికి చాలా కష్టమైన 0.3 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) సైజు కణాలను కూడా కనీసం 95 శాతం ఆపాలి. యూరప్ ఎఫ్‌ఎఫ్‌పీ2, కొరియా కేఎఫ్94 కనీసం 94 శాతం. చైనా కేఎన్95 మళ్ళీ 95. మన దేశంలో ఈ తరహా మాస్కులకు ఐఎస్ 9473 అనే ప్రమాణం ఉంది, దాని కింద ఎఫ్‌ఎఫ్‌పీ2 అని గ్రేడు రాస్తారు. నిజమైనవే అయితే వీటి మధ్య వడపోతలో తేడా గురించి మీరు తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు. ఒక శాతం తేడా కన్నా, అసలుదా నకిలీదా అన్నదీ, మీ ముఖానికి సరిపోయిందా లేదా అన్నదీ చాలా పెద్ద విషయాలు.

నకిలీ సంగతి అనుభవంతో చెబుతున్నాను. 2021లో మాకు వచ్చిన ఒక పెట్టెలో మాస్కులు మరీ తేలిగ్గా ఉన్నాయనిపించి ఒకదాన్ని కత్తెరతో కోశాను. పైన ఒక పొర, కింద ఒక పొర, మధ్యలో ఉండాల్సిన మెత్తని తెల్లపొర లేదు. పైన మాత్రం ఎన్95 అని ముద్ర మెరుస్తోంది. ఆ పెట్టె వెనక్కి పంపేశాం. అప్పటికే ఎక్కడెక్కడ ఎంతమంది అలాంటివి పెట్టుకుని ఆసుపత్రులకు వెళ్ళారో తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. కొనేటప్పుడు ఐఎస్‌ఐ గుర్తు, కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు చూడండి. ఆ గుర్తు ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్‌కు చెందిన బీఐఎస్ కేర్ అనే యాప్‌లో ఆ నంబరు కొడితే కంపెనీ పేరు వస్తుంది. అమెరికా ఎన్95 అని అమ్మితే మాస్కు మీద టీసీ-84ఏ తో మొదలయ్యే నంబరు ఉండాలి, చెవి దారాలు కాక తల వెనక్కి వెళ్ళే రెండు పట్టీలు ఉండాలి. "పిల్లల ఎన్95, అమెరికా ఆమోదం" అని ఉంటే పక్కన పెట్టేయండి. ఎన్95లకు ఆమోదం ఇచ్చే అమెరికా సంస్థ నియోష్ పిల్లల మాస్కులకు ఆమోదమే ఇవ్వదు.

తల పట్టీలదా, చెవి దారాలదా? ఆసుపత్రిలో గంటల తరబడి ఉండాల్సినవాళ్ళకు, టీబీ రోగిని చూసుకునేవాళ్ళకు తల పట్టీలదే ఇస్తాను. పై పట్టీ చెవుల మీదుగా నడినెత్తికి, కింది పట్టీ చెవుల కింద నుంచి మెడ వెనక్కి వెళ్ళాలి. ఆడవాళ్ళు రెండు పట్టీలూ కొప్పు మీదో జడ మీదో కలిపి వేసేస్తుంటారు, అప్పుడు గడ్డం దగ్గర వదులైపోతుంది. జడను పక్కకు తీసి, కింది పట్టీ మెడకు తగిలేలా వేసుకోవాలి. బస్సు ప్రయాణానికో, ఒక గంట పనికో అయితే చెవి దారాల రకం చాలు, ఎందుకంటే మనిషి దాన్ని దారి పొడవునా పెట్టుకోగలగాలి కదా.

పెట్టుకున్నాక రెండు అరచేతులతో మాస్కును కప్పి గట్టిగా ఊపిరి వదలండి. కళ్ళ వైపు గాలి తగిలితే ముక్కు తీగ సరిచేయండి, చెంపల వైపు తగిలితే పట్టీలు వెనక్కి లాగండి. కళ్ళద్దాలు మసకబారుతుంటే అది కూడా లీకుకు గుర్తే. ఎంత సర్దినా గాలి పోతూనే ఉంటే ఆ మాస్కు మీ ముఖానిది కాదు, ఎంత ఖరీదైనదైనా సరే ఇంకో ఆకారం చూడండి. కింద సర్జికల్ మాస్కు వేసుకుని దాని మీద ఎన్95 పెట్టుకునేవాళ్ళున్నారు. ముఖానికీ ఎన్95కూ మధ్య ఇంకో గుడ్డ చేరితే ఆ పట్టు మొత్తం పోతుంది.

గడ్డం ఉంటే ఎన్95 అతుక్కోదు. మన దగ్గర అయ్యప్ప మాల వేసుకునేది సరిగ్గా చలికాలంలో, జలుబూ ఫ్లూ తిరిగే రోజుల్లో. 41 రోజులు గడ్డం తీయరు. స్వాములు వచ్చి ఎన్95 అడిగితే నేను ముడి వేసిన సర్జికల్ మాస్కు, దాని పైన ఒక గుడ్డ మాస్కు చెబుతాను. గడ్డం మీద లీకయ్యే ఎన్95కు డబ్బు పెట్టడం కన్నా అదే మేలు.

వాల్వు ఉన్నది కొనాలా? ముందు ఒక చిన్న ప్లాస్టిక్ బిళ్ళ ఉంటుంది, ఊపిరి వదిలినప్పుడు తెరుచుకుంటుంది. పీల్చే గాలిని వడకడుతుంది, వదిలే గాలిని ఆ రంధ్రం గుండా అలాగే వదిలేస్తుంది. మిర్చి యార్డులో ఘాటుకూ, సిమెంటు పనిలో దుమ్ముకూ అది హాయి. జబ్బు పాకకుండా ఆపడానికి మాత్రం వద్దు. 2020 జూలైలో కేంద్ర ఆరోగ్య శాఖ కూడా ఇదే విషయం మీద రాష్ట్రాలకు లేఖ రాసింది. దగ్గుతున్న మనిషికి వాల్వు మాస్కు పెట్టి ఆసుపత్రికి తీసుకొచ్చేవాళ్ళను చూస్తే, వాళ్ళ శ్రద్ధ అంతా ఆ రంధ్రంలోంచి పోతోందే అనిపిస్తుంది.

ఇంతకీ మీకు ఏది?

ఇంట్లో ఒకరికి ఫ్లూనో, కోవిడో, గట్టి దగ్గో ఉంటే: ఇతరులు గదిలోకి వచ్చినప్పుడు రోగికి సర్జికల్, లోపలికి వెళ్ళి సేవ చేసే ఒక్కరికి ఎన్95. గదిలో రోగి ఒక్కరే ఉన్నప్పుడు మాస్కు తీసేయవచ్చు, కిటికీ మాత్రం తెరిచే ఉండాలి. ఊపిరి ఆడక ఆయాసపడుతున్న మనిషికి మాస్కు బిగించకండి, ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.

టీబీ అయితే ఇంకాస్త వివరంగా చెప్పాలి. ఈ జబ్బు పేరు చెప్పగానే మన ఇళ్ళలో మొదట జరిగేది పళ్ళెం, గ్లాసు వేరు చేయడం. టీబీ పళ్ళెం మీద నుంచి రాదు, గాలిలోంచి వస్తుంది. పళ్ళెం వేరు చేసి, కిటికీ మూసి, అందరూ అదే గదిలో పడుకునే ఇళ్ళున్నాయి. రోగి మనసు విరుగుతుంది, జబ్బు మాత్రం ఆగదు. మందులకు లొంగే మామూలు టీబీలో, సరైన మందులు పడ్డాక మొదటి రెండు వారాల్లోనే అంటించే గుణం బాగా తగ్గుతుంది. డాక్టరు పర్వాలేదనేదాకా రోగికి సర్జికల్ మాస్కు, దగ్గర మసిలేవాళ్ళకు ఎన్95, వీలైతే పడక వేరే గదిలోనో వరండాలోనో. ఇంట్లో అందరూ, ముఖ్యంగా పిల్లలు, ప్రభుత్వ ఆసుపత్రిలో పరీక్ష చేయించుకోవాలి, అది ఉచితం. కోర్సు మామూలుగా ఆరు నెలలు. రెండు నెలలకు దగ్గు తగ్గిందని మానేస్తే ఏ మాస్కూ కాపాడలేదు.

ఆసుపత్రి ఓపీకి వెళ్తున్నారా? ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రిలాంటి చోటైతే రెండో మాట లేదు, తోడు వెళ్ళేవాళ్ళకు ఎన్95. అక్కడ తరచూ కనిపించే పొరపాటు ఇది: రెండు గంటలు వరుసలో మాస్కు పెట్టుకుని కూర్చుంటారు, తీరా డాక్టరు గారి ముందుకు వెళ్ళాక "వినపడదేమో" అని గడ్డం కిందికి లాగి మాట్లాడతారు. మాట్లాడేటప్పుడే కదా నోటి నుంచి ఎక్కువ వచ్చేది. తుమ్ము వస్తోందని మాస్కు తీసి తుమ్మేవాళ్ళూ ఉన్నారు. తడిస్తే మార్చుకోవడానికి జేబులో ఇంకొకటి ఉంచుకోండి కానీ తుమ్ము మాత్రం మాస్కులోనే తుమ్మాలి.

ప్రయాణంలో బస్సు రకాన్ని బట్టి ఆలోచించండి. అద్దాలు తెరిచిన పల్లెవెలుగులో సర్జికల్ చాలు. హైదరాబాద్ నుంచి విజయవాడకు ఏసీ బస్సులో ఐదారు గంటలు, అందరూ పీల్చి వదిలిన గాలే తిరుగుతుంటుంది. షుగరు, ఆస్తమా ఉన్నవాళ్ళు, కీమో తీసుకుంటున్నవాళ్ళు, గర్భిణులు, అరవై దాటినవాళ్ళు అక్కడ ఎన్95 పెట్టుకోవాలి. మేడారం జాతరలో గద్దెల దగ్గర ఎంత జనమున్నా పైన ఆకాశం ఉంటుంది. అక్కడికి కిక్కిరిసి తీసుకెళ్ళే బస్సు గురించే నా దిగులు. ఏసీ ఫంక్షన్ హాల్లో పెళ్ళి కూడా ఆ బస్సు లెక్కలోకే వస్తుంది, పైగా అక్కడ భోజనానికి అందరూ ఒకేసారి మాస్కు తీస్తారు. ముసలివాళ్ళను ముందు బంతిలో కూర్చోబెట్టి, తినగానే బయట పందిట్లోకి తీసుకురండి.

రెండేళ్ళలోపు పిల్లలకు మాస్కు వద్దే వద్దు, ఊపిరికి ప్రమాదం. ఐదేళ్ళదాకా తప్పనిసరి చేయకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ చెప్పాయి. ఆ పైన పిల్లలకు వాళ్ళ సైజు సర్జికల్ కొనండి. పెద్దవాళ్ళది పిల్లలకు పెడితే అది కళ్ళలోకి జారుతుంది, వాళ్ళు లాగుతూనే ఉంటారు. తట్టు గాలిలో రెండు గంటల దాకా నిలవగలదు, దానికి మాస్కు మీద ఆధారపడకండి. పిల్లల టీకా కార్డు తీసి చూడండి.

తీయడం, దాచడం, పారేయడం

తీసేటప్పుడు ముందు భాగం ముట్టుకోకుండా దారాలు పట్టుకునే తీయండి, తరవాత చేతులు కడుక్కోండి. సర్జికల్ ఒకసారి వాడి పారేసేదే, తడిస్తే ఇంకా ముందే మార్చాలి. ఎన్95ను మాత్రం ఇంటి వాడకానికి కొన్నిసార్లు వాడుకోవచ్చు. 2020 కొరత రోజుల్లో చాలామంది ఆరోగ్య సిబ్బంది పాటించిన పద్ధతి: ఐదు మాస్కులు, ఐదు కాగితం కవర్లు, ఒక్కో దాని మీద సోమవారం నుంచి శుక్రవారం దాకా ఒక్కో రోజు పేరు. సోమవారం మాస్కు మళ్ళీ వచ్చే సోమవారమే బయటికి వస్తుంది, ఆలోగా ఆరుతుంది. ప్లాస్టిక్ కవర్లో పెడితే తేమ నిలిచిపోతుంది. పట్టీ సాగినా, మాస్కు నలిగినా, మరకపడినా, ఊపిరి బరువుగా అనిపించినా ఇక చాలు. మండుటెండలో ఎండేయడం, ఇస్త్రీ చేయడం, ఆవిరి పట్టడం వద్దు.

పారేసేటప్పుడు దారాలు కత్తిరించండి, మాస్కును రెండు ముక్కలు చేయండి. అలా చేస్తే ఎవరూ ఏరి కడిగి మళ్ళీ అమ్మలేరు, దారాలు పక్షుల కాళ్ళకు చుట్టుకోవు. ఇళ్ళలో వాడిన మాస్కులను అలా కత్తిరించి, కాగితం సంచిలో కనీసం 72 గంటలు ఉంచాకే పొడి చెత్తలో వేయాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి చెప్పింది. టీబీ రోగి ఉన్న ఇంటివాళ్ళు మాస్కులు కొన్నప్పుడు వాటితోపాటు నేను నాలుగు ఖాళీ కాగితం సంచులు కూడా ఇస్తాను, తెల్లవారుజామున చెత్త బండితో వచ్చే అమ్మ ఆ సంచిని ఒట్టి చేతులతోనే అందుకుంటుంది కాబట్టి.